చుట్టరికం పెట్టుబడి కాదు



ఈ శీర్షికలో నేను సాధారణంగా దగ్గు, అజీర్తి, కీళ్ళనొప్పి వంటి బాధలను గురించి, వాటికి వంటింటిలో దొరికే ఉపాయాలను గురించి వ్రాస్తుంటాను. ఈసారి మన ఇళ్ళలోనికి చేతిసంచితో ప్రవేశించిన ఒక వ్యాపారాన్ని గురించి వ్రాయవలసి వచ్చింది. దానికి కారణం ఉంది.

గత శ్రావణమాసంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని భార్య నా వైద్యశాలకు వచ్చారు. ఆమెకు పదేళ్ళుగా మధుమేహం. నియమంగా మాత్రలు వేసుకుంటూ, ఆహారం పాటిస్తూ, వ్యాధిని అదుపులోనే ఉంచుకున్న మనిషి. ఆనాడు పరగడుపున రక్తంలో చక్కెర 290 ఉంది. "మందులు వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగాను. ఆమె తల వంచుకున్నారు. "రెండు నెలలైందండీ మానేసి. మా ఆడపడుచు కోడలు ఒక పొడి ఇచ్చింది. ఇది వాడితే ఇంగ్లీషు మాత్రలు అక్కరలేదంది. డబ్బా 1,800 రూపాయలు. వద్దంటే ఏమనుకుంటుందోనని తీసుకున్నాను" అన్నారు.

ఆ మాటలలో నాకు రెండు వ్యాధులు కనిపించాయి. ఒకటి మధుమేహం, రెండవది మొహమాటం. మొదటిదానికి ఆమెను వెంటనే ఆమె పాత డాక్టరు వద్దకే పంపించాను. రెండవదానికి చెప్పవలసిన మాట ఆమె ఒక్కరికే కాదు, మన మధ్యతరగతి కుటుంబాలన్నింటికీ అవసరమని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ధనైషణ దోషం కాదు

ముందుగా ఒక మాట. డబ్బు సంపాదించాలనుకోవడం తప్పని ఆయుర్వేదం ఎన్నడూ చెప్పలేదు. చరకసంహిత సూత్రస్థానంలో పదకొండవ అధ్యాయం మనిషికి ఉండవలసిన మూడు ఏషణలను, అనగా మూడు కోరికలను, వివరిస్తుంది. మొదటిది ప్రాణైషణ, రెండవది ధనైషణ, మూడవది పరలోకైషణ. ధనం లేని దీర్ఘాయువు దుర్భరమని చరకుడు స్పష్టంగానే చెప్పాడు. ధనార్జనకు తగిన మార్గాలుగా కృషి, పశుపాలన, రాజసేవలతో పాటు వాణిజ్యాన్ని కూడా పేర్కొన్నాడు. కనుక అమ్మకం నీచమైన పని కాదు. అమ్మేవారు తక్కువవారూ కారు.

అయితే ఆ మూడింటిలోని క్రమాన్ని గమనించాలి. ప్రాణం ముందు, ధనం తరువాత. ఆ ఇల్లాలి విషయంలో ఈ క్రమం తలక్రిందులైంది. ఒకరి ధనైషణ కోసం మరొకరి ప్రాణైషణ పణంగా పెట్టబడింది. నా అభ్యంతరమంతా అక్కడే.

నెట్‌వర్క్ మార్కెటింగ్ అని, డైరెక్ట్ సెల్లింగ్ అని, వాడుకలో గొలుసుకట్టు వ్యాపారమని పిలిచే ఈ పద్ధతికీ ఆరోగ్యానికీ పుట్టుకతోనే సంబంధం ఉంది. 1940ల మధ్యలో అమెరికాలోని కాలిఫోర్నియాలో న్యూట్రిలైట్ అనే విటమిన్ పోషకాహారాన్ని ఇంటింటికీ ఈ విధంగానే అమ్మారు. దానిని అమ్ముతూ వచ్చిన జే వాన్ ఆండెల్, రిచ్ డివోస్ అనే ఇద్దరు మిత్రులు 1959లో ఆమ్వే సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 1998లో మన దేశంలో అమ్మకాలు ప్రారంభించింది. తరువాత స్వదేశీ సంస్థలు అనేకం వచ్చాయి. వాటి సంచులలో సబ్బులు, పాత్రలు ఉన్నా, పోషకాహార పొడులకూ మూలికల రసాలకూ నేటికీ ప్రత్యేక స్థానం ఉంది. మన పెరటిలోని మునగాకు, కలబంద, ఉసిరిక కొత్త పేర్లతో, కొత్త ధరలతో మన గడపకే తిరిగివస్తున్నాయి.

ఒక నెల లెక్క

ఆ పొడి అమ్మిన అమ్మాయిని నేను కబురంపి పిలిపించాను. మందలించాలనే ఉద్దేశంతోనే పిలిచాను. వచ్చి ఎదుట కూర్చున్న తరువాత నా కోపం నిలువలేదు. ఆమె మోసగత్తె కాదు. భర్త పనిచేసే కర్మాగారం మూతపడింది. ఇద్దరు పిల్లల ఫీజులు. ఒక సభకు తీసుకువెళ్ళారు. వేదిక మీద కారు కొన్నవారి కథలు విన్నది. ఎనిమిది నెలలుగా తిరుగుతున్నది. "నెలకు ఎంత మిగులుతున్నదమ్మా?" అని అడిగాను. "కమీషను 900 దాకా వస్తుందండీ, పెరుగుతుందన్నారు" అన్నది. "వచ్చినది కాదు, మిగిలినది?" అంటే సమాధానం లేదు.

నేను గురుకులంలో చదువుకున్న రోజులలో మా గురువుగారి వద్ద ఒక బందు పుస్తకం ఉండేది. ఎండబెట్టిన మూలిక బరువు, నూరిన తరువాత చూర్ణం బరువు, ఎవరికి ఎంత ఇచ్చామో, ఎంత ముట్టిందో అన్నీ అందులో ఉండేవి. ఉచితంగా ఇచ్చిన మందుకు కూడా పద్దు వ్రాయించేవారు. లెక్క లేని దానం కూడా ఒకనాటికి వైద్యశాలను మూయిస్తుందనేవారు. ఆ అలవాటుతో ఒక కాగితం తీసి, ఆ అమ్మాయి చేతనే క్రితం నెల లెక్క వ్రాయించాను. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. అంకెలు ఇవి.

కొన్న సరుకు: 10,000 రూపాయలు. అందులో బయటివారికి అమ్మినది 4,800 రూపాయల సరుకు. దానిపై లాభం 1,200. ఇంటిలో వాడుకున్నది 2,200 రూపాయల సరుకు. బీరువాలో మిగిలినది 3,000 రూపాయల సరుకు.

రాబడి: అమ్మకపు లాభం 1,200, కమీషను 900. మొత్తం 2,100.

ఖర్చు: ఆటోలు 450, ఫోను 300, సభల ప్రవేశ రుసుము 600, నమూనాలకూ ఫలహారాలకూ 350. మొత్తం 1,700.

మిగిలినది 400 రూపాయలు. అక్కడితో ఆగితే లాభమే కదా అనిపిస్తుంది. ఇంటిలో వాడుకున్న సబ్బు, పేస్టు, పొడులకు బదులుగా కిరాణా కొట్టులో ఆ కుటుంబం మామూలుగా కొనే సరుకు తెచ్చుకుంటే 1,400 రూపాయలతో సరిపోయేది. 800 రూపాయలు అదనంగా పోయాయి. అంటే నెల తిరిగేసరికి 400 రూపాయల నష్టం. ఎనిమిది నెలలలో బీరువాలో ఇరుక్కున్న సొమ్ము 24,000 రూపాయలు. ఆ నెలలో ఆమె తిరిగిన గంటలకు కూలి ఈ లెక్కలో వేయనేలేదు.

ఆ అమ్మాయి కాగితం వైపు చాలాసేపు చూసింది. "కమీషను బ్యాంకులో పడుతుంటే సంపాదిస్తున్నాననుకున్నానండీ" అన్నది. ఆ మాటలోనే విషయమంతా ఉంది. వీధి చివర బడ్డీకొట్టు పెట్టుకున్న మనిషి కూడా రాత్రి గల్లాపెట్టె లెక్క చూడకుండా నిద్రపోడు. వేల రూపాయలు పెట్టిన ఈ వ్యాపారంలో మాత్రం చదువుకున్నవారు కూడా లెక్క వ్రాయరు. దీనిని వ్యాపారమని చెప్పి చేర్చుకుంటారు, వ్యాపారంలాగా నడపడం మాత్రం నేర్పరు.

ఇంటిలో వాడుకున్నది అమ్మకం కాదు. బీరువాలో ఉన్నది ఆస్తి కాదు. మా శాస్త్రంలో శార్ఙ్గధరుడు చూర్ణాలకు రెండు మాసాల వీర్యకాలమే చెప్పాడు. నేటి డబ్బాలకు గడువు ఎక్కువ ఉండవచ్చు, కాని గడువు ఉండడం మాత్రం తప్పదు. బీరువాలోని సరుకు ప్రతి దినం కొంత విలువ కోల్పోతూనే ఉంటుంది.

ఆరుగురు చేరితే

సభలలో బొమ్మ గీసి చూపించే గణితం ఒకటి ఉంది. మీరు ఆరుగురిని చేర్చండి, ఆ ఆరుగురు తలా ఆరుగురిని చేరుస్తారు, ఇక మీరు కూర్చున్నచోటికే ధనం వస్తుందని చెబుతారు. ఆ బొమ్మను మధ్యలో ఆపకుండా చివరిదాకా గీద్దాం. ఆరు, 36, 216, 1,296. ఇలా పదవ మెట్టుకు 6,04,66,176 మంది కావాలి. 2011 జనగణన ప్రకారం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 8 కోట్ల 46 లక్షలు. పదకొండవ మెట్టుకు 36 కోట్లు దాటుతుంది. పన్నెండవ మెట్టుకు 217 కోట్లు దాటి భారతదేశ జనాభానే మించిపోతుంది.

కనుక క్రొత్తవారి చేరికపై ఆధారపడే రాబడి ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఆగినచోట ఉండేవారే ఎప్పుడూ అధిక సంఖ్యాకులు. మన వీధిలో, మన కులగోత్రాలలో, మన ఆఫీసులో చేరవలసినవారంతా చేరిన తరువాత అందరూ అమ్మేవారే, కొనేవారు లేరు.

ఇందుకు విరుగుడు ఒకే ఒక ప్రశ్న. "ఈ సరుకుకు కమీషను లేకపోయినా, ఈ ధరకు, పరాయి మనిషి దీనిని రెండవసారి కొంటాడా?" కొంటాడంటే అది అంగడి. కొనడంటే అది కేవలం గొలుసు.

1979లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆమ్వే వ్యవహారంలో తీర్పు చెప్పినప్పుడు, సంపాదన గురించి ఆ సంస్థ చేసిన అతిశయోక్తులను తప్పుపట్టింది, కాని దానిని పిరమిడ్ పథకమని అనలేదు. ఆ సంస్థ పెట్టుకున్న మూడు నియమాలను అందుకు కారణాలుగా చూపింది. అమ్ముడుపోని సరుకును వెనక్కు తీసుకోవడం ఒకటి. కొన్న సరుకులో 70 శాతం అమ్మిన తరువాతనే ప్రతిఫలానికి అర్హత కలగడం రెండవది. నెలకు కనీసం పదిమంది వినియోగదారులకు అమ్మినట్లు చూపడం మూడవది. ఏ సంస్థలో చేరినా ఈ మూడు నియమాలను మీకు మీరే విధించుకోండి. గృహిణికి ఇంతకన్న మంచి కొలబద్ద నాకు కనిపించలేదు.

మందు పేరుతో అమ్మరాదు

ఇది నా వృత్తికి సంబంధించిన విషయం గనుక కొంచెం గట్టిగానే చెబుతాను.

డబ్బాను తిప్పి వెనుకవైపు చదవండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర, 14 అంకెల సంఖ్య ఉంటే అది చట్టం దృష్టిలో ఆహారం. పోషకాహార పదార్థాల మీద ఔషధంగా వాడరాదన్న హెచ్చరిక కూడా ఉండాలి. ఆయుర్వేద ఔషధమైతే తయారీ లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఆహారంగా అనుమతి పొందిన పొడిని మధుమేహానికి మందని అమ్మితే, ఆ డబ్బాయే మిమ్మల్ని ఖండిస్తుంది.

"మూలికలే కదా, మేలు చేయకపోయినా కీడు చేయవు" అనే మాట ఆయుర్వేదానికి పూర్తిగా విరుద్ధం. అతిమధురం ఎంత సౌమ్యమైన మూలిక! దానినే ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది. కాకర పొడిని మధుమేహపు మాత్రలతో కలిపి ఇష్టానుసారం వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు ఒకటే అయినా రోగి వయస్సు, అగ్నిబలం, ప్రకృతి, ఋతువు, అనుపానం చూసి మాత్ర నిర్ణయించాలి. ఈ నిర్ణయం చేయడానికి నేను గురువుగారి వద్ద ఏళ్ళ తరబడి కూర్చున్నాను. ఒక ఆదివారపు సభలో అది అలవడదు.

ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ, థైరాయిడ్ మందులను వైద్యుని సలహా లేకుండా మానమని ఎవరు చెప్పినా వినవద్దు. చెప్పినవారు ఎంత ఆత్మీయులైనా వినవద్దు. గర్భిణులకు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఏ పొడీ అమ్మవద్దు.

చట్టం ఏమంటున్నది?

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మధుమేహం మొదలుగా అనేక వ్యాధులు నయమవుతాయని మందులను ప్రకటించడాన్ని నిషేధించింది. నోటితో చేసే ప్రకటనలు కూడా ఆ చట్టంలో ప్రకటనలే. వాట్సాప్‌లో అనాలోచితంగా పంపే సందేశాలకు ఇది హెచ్చరికగా భావించాలి.

1978 నాటి మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం అటువంటి పథకాన్ని నడిపినవారినే కాక, అందులో సభ్యులుగా చేర్చినవారినీ పాల్గొన్నవారినీ కూడా తప్పుపడుతుంది. నన్నూ ఎవరో చేర్చారన్నది సమాధానం కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పెద్ద సంస్థ పథకం ఈ చట్టం పరిధిలోకి వస్తుందని పేర్కొన్నది.

2021 డిసెంబరులో కేంద్రం వినియోగదారుల రక్షణ చట్టం క్రింద డైరెక్ట్ సెల్లింగ్ నియమాలను ప్రకటించింది. పిరమిడ్ పథకాలను అవి నిషేధించాయి. అమ్మేవారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా ఒకరి ఇంటికి వెళ్ళరాదు. సంస్థ ఆమోదించని గొప్పలు చెప్పరాదు. సరుకు ధర, వాపసు పద్ధతి స్పష్టంగా చెప్పాలి. ప్రచార పుస్తకాలూ ప్రదర్శన సామగ్రీ తప్పక కొనాలని ఎవరినీ నిర్బంధించరాదు. అన్యాయం జరిగినవారు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు.

దిగదలచినవారికి

ఇంత చెప్పినా, ఈ పని అసలే చేయవద్దని నేను అనడం లేదు. చిన్న అంగడి నడిపే శ్రద్ధతో చేయగలవారు చేయవచ్చు. వారికి నా సూచనలు ఇవి.

1. పోయినా ఇల్లు కదలని సొమ్మునే పెట్టుబడిగా పెట్టండి. అప్పు తెచ్చి, బంగారం తాకట్టు పెట్టి సరుకు కొనవద్దు.

2. మొదటి దినం నుండి పద్దుల పుస్తకం పెట్టండి. ఆటో ఛార్జీ, ఫోను ఖర్చు, సభల రుసుము అన్నీ వ్రాయండి. ఇంటి వాడకాన్ని వేరుగా వ్రాయండి.

3. ముందు ఆర్డరు, తరువాత సరుకు. హోదా కోసం, నెలాఖరు లక్ష్యం కోసం కొనవద్దు.

4. మూడు నాలుగు వస్తువులనే ఎంచుకోండి. వాటిని మీరు వాడి, బజారు ధరతో పోల్చి చూసిన తరువాతనే అమ్మండి.

5. చుట్టాల ఇంటికి శుభకార్యానికి వెళ్ళినప్పుడు సంచి తీసుకువెళ్ళవద్దు. ఒకసారి వద్దన్నవారిని రెండవసారి అడగవద్దు.

6. ఎవరినైనా చేర్చవలసి వస్తే, ముందు మీ పద్దుల పుస్తకం చూపించండి. చూపించడానికి సిగ్గుగా ఉంటే చేర్చవద్దు.

7. ఆరు నెలల తరువాత అన్ని ఖర్చులూ పోను మిగులు లేకపోతే ఆపివేయండి. ఆపడం పరాజయం కాదు. పథ్యం పాటించడం వంటిది.

కొనేవారికి ఒకే మాట. "ఆలోచించి చెబుతాను" అనడం అమర్యాద కాదు.

నా ముచ్చట

ఈ ఉపదేశమంతా చేసే అర్హత నాకు ఎంత ఉందో కూడా చెప్పడం ధర్మం. కొన్నేళ్ళ క్రితం, మా అమ్మాయి వివాహపు అప్పు ఇంకా తీరని రోజులలో, ఒక పాత రోగి మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. "మీ వద్దకు నెలకు నాలుగు వందల మంది వస్తారు. మీరు ఊ అంటే చాలు" అన్నారు. ఆ రాత్రి నేను లెక్క వేసుకున్న మాట నిజం. మర్నాడు వారిని, "ఈ రసం ఏ వ్యాధికి, ఏ మాత్రలో ఇవ్వాలి?" అని అడిగాను. "మీరు ఇస్తే వాళ్ళు అడగరు సార్" అన్నారు. ఆ మాట చాలు. రోగి అడగకపోవడం నా ఆస్తి కాదు. అది అతడు నా వద్ద దాచుకున్న నమ్మకం. దానిని అమ్ముకునే హక్కు నాకు లేదు. చేరనని చెప్పి పంపివేశాను. కాని మొహమాటపడి ఒక సీసా మాత్రం కొన్నాను. గడువు తీరేవరకు అది అలమారులోనే ఉంది.

వైద్యునికి రోగి నమ్మకం ఎటువంటిదో, ఇల్లాలికి చుట్టరికం అటువంటిది. తరతరాలుగా పెట్టుపోతలతో, పురుళ్ళకూ పెళ్ళిళ్ళకూ చేసుకున్న సాయాలతో పోగైనది అది. దానిని డబ్బాకు నూరు రూపాయల చొప్పున ఖర్చుచేస్తే తిరిగి ఏ సంస్థా నింపదు.

ఆ అమ్మాయి ఇప్పుడు పొడులు పూర్తిగా మానివేసింది. బీరువాలోని సరుకులో కొంత సంస్థ వెనక్కు తీసుకున్నది, కొంత నష్టానికి పోయింది. గిన్నెలు తోమే ద్రవం, సబ్బులు, మరొక వస్తువు మాత్రమే ఇరవై ఇళ్ళకు ఇస్తున్నది. ఆ ఇళ్ళవారిలో చుట్టాలు లేరు. గత నెల పుస్తకం తెచ్చి చూపించింది. అన్నీ పోను 1,350 రూపాయలు మిగులు. కారు కొనేంత సొమ్ము కాదు, చిన్నవాడి ట్యూషన్ ఫీజుకు సరిపోతుంది.

దీపావళికి ఆమె మేనత్తగారి ఇంటికి వెళ్ళి 1,800 రూపాయలు చేతిలో పెట్టి వచ్చిందట. ఆ ఇల్లాలు మొన్న పరీక్షకు వచ్చినప్పుడు చెప్పారు. చక్కెర అదుపులోకి వచ్చింది. "డబ్బు వద్దన్నానండీ, వినలేదు. భోజనం చేసి వెళ్ళింది" అన్నారు.